పచ్చయమ్మకు గ్యాసే

తమిళనాట గుడియాత్తంలో లోకనాథ్‌కు తెలిసినన్ని కడుపుల సంగతులు ఇంకెవరికీ తెలియవు. కాకపోతే అవన్నీ అమెరికా కడుపులు. రోజూ పొద్దున్నే బస్సెక్కి వేలూరు పోయి, ఒక ఏసీ గదిలో కూర్చుని, అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసినవి కంప్యూటర్‌లో చదివి, ఏ జబ్బుకు ఏ కోడు పడుతుందో వెయ్యడం అతని ఉద్యోగం. మెడికల్ కోడింగ్ అంటారు దాన్ని. వీధిలో వాళ్ళు మాత్రం ‘మెడికల్‌లో ఉండాడు’ అంటారు, సగం డాక్టరన్నట్టు. జలుబు చేసినా వస్తారు, స్కాన్ తీయించుకున్నా వస్తారు. నాకు కోడు వెయ్యడం తప్ప ఏమీ తెలియదు మొర్రో అని చెప్పి చెప్పి, చివరికి ఆ చెప్పడం కూడా మానేశాడు.

అతని వంతుకు వచ్చింది జీర్ణకోశం, అందులోనూ పుండ్లు. కె ఇరవై ఐదు అంటే జీర్ణాశయంలో పుండు. ఇరవై ఆరు అంటే అది దాటాక చిన్నపేగు మొదట్లో పుండు. ఇరవై ఏడు అంటే పుండు ఉంది, ఎక్కడుందో డాక్టరు రాయలేదు. ఆ పైన చుక్క పెట్టి ఇంకో అంకె వెయ్యాలి. అది కొత్త పుండా, పాతదా, రక్తం కారిందా, చిల్లు పడిందా అన్నదంతా ఆ ఒక్క అంకెలో ఇమడాలి. అదీ డాక్టరు రాసి ఉంటేనే. రాయకపోతే, ఎదురుగా ఎన్ని ఆనవాళ్ళు కనిపిస్తున్నా లేనట్టే లెక్క.

ఈ ‘లేనట్టే లెక్క’ అతని ప్రాణం తోడేస్తుంది. చేరిన కొత్తలో ఒక అమెరికా డాక్టరు, కడుపులో మంట, నల్లటి విరేచనం, ఒంట్లో రక్తం తగ్గింది అని అన్నీ వివరంగా రాసి, చివర్న ‘పుండు కావచ్చు’ అని చేతులు దులుపుకున్నాడు. కావచ్చేమిటి నీ తలకాయ, పుండే అనుకుని లోకనాథ్ పుండు కోడు వేసేశాడు. తప్పులు పట్టే గోమతి మేడం పిలిపించింది.

“కావచ్చు అంటే ఎట్లా వేసినావు? అడ్మిట్ కాకుండా చూపించుకుని పోయిన మనిషికి, కావచ్చు అంటే లేదనే.”

“మేడం, చదివితే ఎవరికైనా తెలుస్తుంది గదా.”

“తెలిసేది నీ పని కాదు. అనుమానముంటే డాక్టరుకు ప్రశ్న పంపు. ఆ ప్రశ్నలో కూడా జవాబు దూర్చకూడదు. పుండే గదా సార్ అని అడిగినా తప్పే.”

అప్పట్నుంచి లోకనాథ్ పళ్ళు నూరుకుంటూ ప్రశ్నలు పంపుతూనే ఉన్నాడు. జవాబు ఎప్పుడిస్తారో ఆ డాక్టర్ల దయ. కొందరు అసలు ఇవ్వరు. అలాంటి రోజు సాయంత్రం బస్సులో అతనికి కిటికీ పక్క సీటు దొరికినా ఒళ్ళు మంట తగ్గదు.

సరే, ఆఫీసు గోల ఆఫీసులోనే వదిలేసి ఇంటికి వస్తే, ఇంట్లో పచ్చయమ్మ ఉంది.

పచ్చయమ్మ అతని అత్త, భార్య శశికళకు తల్లి. ఊరు మేల్పాడి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేసింది. శశికళ ముందుగదిలో జాకెట్లు కుడుతుంది కాబట్టి వంటిల్లు పూర్తిగా పచ్చయమ్మదే. సంగటి కెలికినా, అనపగింజల పులుసు కాచినా ఆమె తర్వాతే ఎవరైనా. కానీ వచ్చి ఇన్నేళ్ళయినా అల్లుడితో ఆమె ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. కోపమూ కాదు, పట్టింపూ కాదు. వాళ్ళింటి పద్ధతే అంత. అత్త అల్లుడి ఎదుట నిలబడదు. అతను హాల్లో కూర్చుని ఉంటే ఆమె పెరటి దారిన చుట్టూ తిరిగి వీధిలోకి పోతుంది. ఏదన్నా చెప్పాలంటే వంటింటి తలుపు వెనక నిలబడి కూతురికి చెబుతుంది.

“అల్లునికి ఇంకా రవ్వంత పులుసు పొయ్యి శశీ.”

“చాలని చెప్పు శశీ,” అంటాడు లోకనాథ్ గోడకేసి చూస్తూ.

మొదట్లో అతనికి ఇది హాయిగానే ఉండేది. నోరెత్తని అత్త దొరకడం నీ అదృష్టం అని ఆఫీసులో తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఆ అదృష్టం ఒకనాడు మెడకు చుట్టుకుంటుందని అతనికేం తెలుసు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదలైంది. పచ్చయమ్మ కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతోంది. బావి దగ్గర్నుంచి బిందె తెచ్చే మనిషి, పెరట్లో స్నానాలగది నుంచి వంటింటి దాకా రావడానికి గోడ పట్టుకుంటోంది. ముఖం పాలిపోయింది. ఇవన్నీ లోకనాథ్ ఓరగా చూసినవే, ఎదురుపడితే కదా తిన్నగా చూడటానికి. ఇంకొకటి కూడా గమనించాడు. ఇంట్లో ఫినాయిలు సీసాలు మంచినీళ్ళలా ఖర్చయిపోతున్నాయి. ఆమె బాత్రూములోకి వెళ్ళిందంటే బకెట్ల కొద్దీ నీళ్ళు గుమ్మరించిన చప్పుడు, తర్వాత ఇల్లంతా ఫినాయిలు కంపు. దాచాలనుకున్న మనిషి తప్ప ఇంకెవరూ అంత కడగరు. ఏం దాస్తోందో లోకనాథ్‌కు చదివి చదివి కంఠతా వచ్చు. లోపల రక్తం కారితే విరేచనం తారులా నల్లగా పోతుంది, వాసన చంపేస్తుంది.

“మీ అమ్మకు ఏమైంది?” అని శశికళను అడిగాడు.

“గ్యాసంట.”

“ఎవరు చెప్పినారు గ్యాసని?”

“అమ్మే చెప్పింది.”

గ్యాసుకు కూడా కోడుంది. కానీ ఏ గ్యాసూ మనిషిని గోడ పట్టుకుని నడిపించదు.

“పోయి అడుగు. నొప్పి యాడ ఉండాది, తిన్నాక ఎక్కువా తినకముందు ఎక్కువా, మోషన్ ఏ రంగులో పోతా ఉండాది. ఇది అడుగు ముఖ్యంగా.”

శశికళ వంటింట్లోకి పోయింది. కాసేపు గుసగుసలు. తిరిగొచ్చింది.

“ఏమీ లేదంట.”

“ఏది ఏమీ లేదు? నేను అన్ని అడిగితే నువ్వు ఒక్క మాట తెస్తావేమి?”

“అన్నిటికీ ఏమీ లేదంటప్పా. నేనేమన్నా పోస్టాఫీసా, మీ ఇద్దరికీ మధ్యన తిరగను? సాయంత్రానికి జాకెట్లు ఇయ్యాల.”

ఆ ప్రశ్నలేవీ శశికళ అసలు అడగనే లేదు. అల్లుడు మోషన్ మాట అడిగాడంటే అమ్మ సిగ్గుతో కుంగిపోతుందని మధ్యలోనే మింగేసింది. నీకు బాగుండాదా అని అడిగింది, బాగుండాది అని ఆమె చెప్పింది, అంతే. ఆ విషయం లోకనాథ్‌కు చాలా రోజుల తర్వాతగానీ తెలియలేదు.

మందుల సంగతి ఇంకో తలనొప్పి. పచ్చయమ్మకు మోకాళ్ళ నొప్పులు. మూలమీద తంగవేలు మందుల షాపులో ‘మోకాలికి ఒక సెట్టు’ అని అడిగితే, రంగురంగుల మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. వాటిలో కడుపు గోడను కొరికేవి ఉంటాయని లోకనాథ్‌కు తెలుసు. పుండు అలాంటి మాత్రల వల్ల వచ్చిందని డాక్టరు రాస్తే దానికి విడిగా ఇంకో కోడు వెయ్యాలి. అందుకని వెనకెప్పుడో ఒకసారి భోంచేస్తూ, వంటింటి తలుపుకు వినపడేలా గట్టిగా చెప్పాడు.

“ఈ ఇంట్లో ఎవురూ డాక్టరు చీటీ లేకుండా మాత్రలు మింగకూడదు. చెప్తా ఉండాను.”

తలుపు వెనక అలికిడైంది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో మాత్రల కాగితం కనపడలేదు. తన మాట చెల్లిందని లోకనాథ్ మురిసిపోయాడు. మాత్రలు మానలేదు, నడుముకు దోపుకునే వక్కల సంచిలోకి మారాయి, అంతే.

చివరికి ఒకరోజు సెలవు పెట్టి, ఆటో పిలిచి, అత్తను జానకిరామన్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గుడియాత్తంలో చేయి మంచిదని పేరున్న డాక్టరు. శశికళ కూడా వచ్చింది. లోకనాథ్ మాత్రం బయట ఉండలేదు. వీళ్ళిద్దరినీ వదిలితే ఏం చెబుతారో, ఏం మింగుతారోనని లోపలికే వెళ్ళి కుర్చీ పక్కన కాపలాగా నిలబడ్డాడు. పచ్చయమ్మ కొంగు ముందుకు లాక్కుని, అల్లుడి వైపు వీపు పెట్టి, డాక్టరుకు కూడా సగం ముఖమే కనపడేలా కూర్చుంది.

డాక్టరు తమిళంలో ఓపికగా అన్నీ అడిగాడు. నొప్పి ఉందా, ఆకలి ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా, విరేచనం రంగు మారిందా, నొప్పుల మాత్రలేమైనా వాడుతున్నావా అవ్వా.

“ఒన్నుమిల్ల. గ్యాస్,” అంది పచ్చయమ్మ. ఏమీ లేదు, గ్యాసే.

“నిజంగానేనా?”

ఆమె చూపు నేలమీద అల్లుడి చెప్పుల దాకా పోయి ఆగింది. “అదంతా సరిగ్గానే ఉండాది సామీ.”

లోకనాథ్‌కు ఉండబట్టలేదు. అబద్ధం డాక్టర్, ఫినాయిలు సీసాలు చూడండి అని అరవాలనిపించింది. కానీ ఏమని చెబుతాడు? అతను చూసిందేముంది? ఆమె నోటితో చెప్పలేదు, అతను కళ్ళతో చూడలేదు. ఇదంతా ‘కావచ్చు’. గోమతి మేడం గొంతు చెవిలో మోగి, తెరిచిన నోరు మూసుకున్నాడు. డాక్టరు రక్తపరీక్ష చేయించమని చెప్పి, కడుపు ఉబ్బరానికి మందు రాసిచ్చాడు. ఆయన్ని అనడానికీ లేదు, అడగాల్సినవన్నీ అడిగాడు. పరీక్ష చేయిద్దాం పదండి అంటే, గ్యాసుకు సూదులెందుకని అత్త కూతురి ద్వారా కబురు పెట్టింది. ఆటోలో తిరిగొస్తూ లోకనాథ్ డ్రైవరు పక్కన కూర్చుని దారిపొడుగునా తల పట్టుకున్నాడు.

ఆ వారమే ఆఫీసులో అతనికి ఒక అమెరికా ముసలమ్మ కాగితం వచ్చింది. పేరు ఉండదు, ఉన్నా అతను చూడకూడదు. ఆ మహాతల్లి డాక్టరుకు ఎంత చెప్పిందంటే, నలుపు ఎప్పుడు మొదలైందో, ఎంత జిగటగా ఉందో, మోకాలి నొప్పికి ఏ మాత్ర ఎన్నాళ్ళుగా మింగుతోందో, ఆకలివేళ ఏ పక్క మెలిపెడుతుందో, సిగ్గు ఎగ్గూ లేకుండా మొత్తం చెప్పుకుంది. ఆ డాక్టరు కూడా ఒక్క ముక్క వదలకుండా రాసి, పుండేనని తేల్చాడు. కె ఇరవై ఆరు, చుక్క, నాలుగు. రక్తం కారుతున్న పుండు. లోకనాథ్ క్షణంలో కోడు వేసేశాడు. వేసి, కంప్యూటర్ కేసి చూస్తూ కూర్చుండిపోయాడు. సముద్రాల అవతల ఉన్న ముసలమ్మ కడుపు తనకు ఇంత బాగా తెలుసు. రోజూ తనకు అన్నం వండిపెట్టే మనిషి కడుపు మాత్రం తెలియదు. అతనికి ఏడుపూ, కోపమూ కలిసి వచ్చాయి. పక్కసీటు అమ్మాయి ఏమైందని అడిగితే, గ్యాసు అన్నాడు.

ఆ ఆదివారం పచ్చయమ్మ పెరట్లో బట్టలారేస్తూ తీగ కిందే కూలబడిపోయింది. శశికళ కేక విని లోకనాథ్ పరిగెత్తాడు. తడి చీర మీద పడిపోయి ఉంది. చేతులు చల్లగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో అతను అత్తను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఎదురింటి వాళ్ళ కారులో వెనక సీట్లో పడుకోబెట్టి, పళ్ళికొండ మీదుగా వేలూరు ఆసుపత్రికి పరుగులు పెట్టారు. దారిలో తెలివొచ్చింది. వచ్చీ రాగానే చేత్తో తడుముకుని కొంగు సర్దుకుంది.

అత్యవసర విభాగంలో తెర వేసిన ఒక మంచం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు కవిప్రియ. చిత్తూరు వైపు నుంచి వచ్చే రోగులతో మాట్లాడి మాట్లాడి తెలుగు బాగానే పట్టుబడిందామెకు. బీపీ చూసింది, కంటి కింది రెప్ప లాగి చూసింది, ముఖం మారింది.

“అమ్మా, రక్తం బాగా తక్కువ ఉంది. ఎక్కడో పోతా ఉంది. మోషన్ నల్లగా వస్తుందా?”

పచ్చయమ్మ కళ్ళు మంచం పక్కన నిలబడ్డ అల్లుడి వైపు తిరిగి, వెంటనే వాలిపోయాయి.

“ఏమీ లేదమ్మా. గ్యాసు.”

“మాత్రలేమైనా తింటా ఉన్నారా?”

“లేదు.”

అప్పుడిక లోకనాథ్‌కు ఓపిక తెగిపోయింది. పద్ధతీ పోయింది, నియమమూ పోయింది. తెరలవతల ఉన్న రోగులందరికీ వినపడేలా అరిచాడు.

“అత్తా! నల్లంగా పోతా ఉండాదా లేదా? తారు మాదిరి నల్లంగా పోతా ఉండాదని చెప్పు. చచ్చిపోతావు, చెప్పు!”

ఇన్నేళ్ళకు అతను అత్తతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. జవాబును ప్రశ్నలోనే కూరి మరీ అడిగాడు. పచ్చయమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది. కొంగు కింద ఆమె ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. శశికళ భర్తను చూసిన చూపు చెప్పడానికి లేదు.

కవిప్రియ అతని కేసి, మంచం కేసి ఒకసారి చూసింది.

“సార్, మీరు బయటికి పోండి.”

“నేను లేకుంటే ఈమె ఏమీ చెప్పదు డాక్టర్.”

“పోండి సార్.”

లోకనాథ్ తెర దాటి నిలబడ్డాడు. లోపల డాక్టరమ్మ మెల్లగా ఏదో అడిగింది. తర్వాత ఒక గొంతు మొదలైంది. తలుపు వెనక నుంచి పులుసు సంగతీ ఉప్పు సంగతీ తప్ప ఎన్నడూ వినని గొంతు. ఆగకుండా, తడబడకుండా చెప్పుకుపోతోంది.

“ఉగాది ముందర నుంచే తల్లీ. తారు మాదిరి. వాసన ఓర్చుకోలేను, అల్లుడు వాడే బాత్రూమే గదా, ఆయనకు తెలిస్తే నేను యాడ తలదాచుకునేది? మోకాలికి పొద్దునా రాత్రీ మాత్రలు. ఇదో, ఈ సంచిలోనే ఉండాయి. ఆయన వద్దన్నాడని ఎవరికీ తెలీకుండా మింగినాను. తెల్లారుజామున ఇక్కడ పట్టి పిండుతాది తల్లీ, ఇక్కడ...”

అన్నీ చెబుతోంది. ఏ రంగు, ఎప్పట్నుంచి, ఏ మాత్ర, ఏ వేళ. అమెరికా ముసలమ్మ చెప్పినవన్నీ, ఇంకా ఎక్కువే. ఇన్నాళ్ళూ అతను ప్రశ్నలు పంపి పంపి తల బద్దలు కొట్టుకున్న జవాబులన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. జానకిరామన్ డాక్టరు దగ్గర కూడా ఇవన్నీ ఆమె నోటి దాకా వచ్చే ఉంటాయి. అడ్డంగా నిలబడిందెవరో అప్పటికిగానీ అతనికి తట్టలేదు. కాపలా కాశాననుకున్నాడు, నిజానికి జవాబు బయటికి రాకుండా కాశాడు. సిగ్గుతో ముఖం కాలిపోయింది. వినాలని చెవి లాగుతున్నా, ఇంకొక్క మాట కూడా వినకుండా వరండా చివరిదాకా నడిచి, మందుల కౌంటరు రణగొణలో నిలబడ్డాడు.

ఆ రోజే నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు. చిన్నపేగు మొదట్లో పుండు, రక్తం కారుతోంది. లోపలే క్లిప్పు వేసి ఆపారు, రక్తం ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని కవిప్రియ శశికళతో అంది. శశికళ, ఎప్పుడూ వీధిలో చెప్పుకునే అలవాటుకొద్దీ, “మా ఆయన కూడా మెడికల్‌లోనే ఉండాడు డాక్టర్, ఈ పుండ్ల పనే చూస్తాడు,” అంది.

కవిప్రియ లోకనాథ్ కేసి తిరిగింది. “అట్లనా సార్? అయితే మీకు అనుమానం రాలేదా?”

“వచ్చింది.”

“మరి?”

ఆవిడ జవాబు కోసం ఆగకుండా ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికి పంపిన రోజున ఆసుపత్రి వాళ్ళు కాగితాలిచ్చారు. ఏం జరిగిందో, ఏ మాత్రల వల్లనో, ఎన్నాళ్ళ నుంచో అన్నీ అందులో వివరంగా రాసి ఉంటాయి. కోడు వెయ్యడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు. లోకనాథ్ వాటిని తెరవకుండానే శశికళ చేతిలో పెట్టాడు. “నువ్వే దాచు. మీ అమ్మది.”

ఇంట్లో మళ్ళీ అంతా మామూలే. మాత్రలు పోయాయి, మోకాలికి నూనె వచ్చింది. పచ్చయమ్మ వంటింటి తలుపు వెనకే నిలబడుతుంది. అతను అరిచిన సంగతి ఎవరూ ఎత్తరు. క్షమించమని అడగాలని ఉంది లోకనాథ్‌కు. అదెలా అడగాలి? శశికళ ద్వారా క్షమాపణ పంపుతారా ఎవరైనా? ఒకసారి నోరు తెరిచి, “మీ అమ్మతో చెప్పు శశీ...” అని మొదలుపెట్టి, “పులుసు బాగుండాదని,” అని ముగించాడు. తన మీద తనకే చిరాకేసింది.

మళ్ళీ చూపించుకోవడానికి రమ్మన్న రోజున ముగ్గురూ వేలూరు వెళ్ళారు. కవిప్రియ గది బయట బెంచీల మీద కూర్చున్నారు, అతను ఒక కొసన, అత్త ఇంకో కొసన, మధ్యలో శశికళ. నర్సు పచ్చయమ్మ పేరు పిలిచింది. తల్లీ కూతుళ్ళు లేచారు. అలవాటు కొద్దీ లోకనాథ్ కూడా లేచి, గుమ్మం దాకా నడిచాడు.

పచ్చయమ్మ ఆగింది. కొంగు తల మీదే ఉంది, ముఖం మీదికి లాక్కోలేదు. తిరిగి అతని ముఖంలోకి చూసింది.

“నువ్వు ఆడనే కూచో నాయనా,” అంది.

శశికళ తల్లిని వింతగా చూస్తూ ఆమె వెనకే లోపలికి నడిచింది. లోకనాథ్ సరేనని తలూపి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. గది తలుపు మూసుకుంది. లోపల ఆమె చాలాసేపు మాట్లాడింది. ఏం చెప్పిందో అతనికి తెలియదు, బయటికొచ్చాక అడగనూ లేదు.